మాంత్రికుడి చేతికి తాఖీదు

శరభుడు నాలుగోసారి కాకశైలం ఎక్కేసరికి పొద్దు బారెడు పైకి వచ్చింది. కొండ నెత్తిన మాంత్రికుడు ధూమ్రకేశుడి ఏడంతస్తుల మేడ నల్లరాతి తామరమొగ్గలా మెరుస్తోంది. అంతస్తు అంతస్తుకూ ఇత్తడి గవాక్షాలు, వాటికి నెమలి మెడ రంగు గాజుపలకలు, పైకప్పు అంచు పొడవునా నోళ్లు తెరిచిన సింహపు ముఖాల రాతి యాళులు. గాలి వీచినప్పుడల్లా ఆ యాళుల నోళ్లలోంచి సన్నని ఈల పుట్టి కొండంతా పాకుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు శరభుడు ఆ వింత చూస్తూ పావు ఘడియ నిలబడిపోయాడు. ఇవాళ ఆ ఈల చెవిన పడగానే అతనికి ఒళ్లు మండింది.

ద్వారపాలకుడు వికటుడు గడప మీద కూర్చుని కొడవలితో కాలి గోళ్లు తీసుకుంటున్నాడు. కూర్చున్నా శరభుడి తలకన్నా జానెడు ఎత్తుంటాడు. శరభుణ్ణి చూడగానే మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"అయ్యగారు లేరని చెప్పమన్నారు," అన్నాడు.

"ఎవరు చెప్పమన్నారు?"

"అయ్యగారే."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, లోపలినుంచి."

శరభుడు పళ్లు కొరికాడు. వికటుడికి పుట్టుకతోనే అబద్ధం చెప్పడం రాదు. మొదటిసారీ ఇదే మాట, ఇదే మర్యాద. మాంత్రికుడు లోపల ఉన్నాడని తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన లాభం లేదు. గడప దాటి బలవంతంగా జొరబడే హక్కు తాఖీదు తెచ్చే బంటుకు లేదు.

ద్వారానికి కుడి పక్కన ఒక మనిషి రాయై నిలబడి ఉన్నాడు. భుజాన తెడ్డు, సగం తెరిచిన నోరు, ఏదో కాదనబోతున్నట్టు ముందుకు చాచిన అరచెయ్యి. శరభుడు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి దాటుకునే వెళ్లాల్సి వస్తోంది. అతను తల వంచుకుని కొండ దిగసాగాడు.

కాంచనశిల నగరంలో ధర్మాసనం ఉంది. శరభుడు అక్కడ తాఖీదు బంటు. ఎవరిమీద ఫిర్యాదు వస్తే వాళ్లకు ధర్మాసనం పిలుపును అందించి రావడం అతని పని. పదకొండేళ్ల కొలువులో అడవి దొంగల నాయకుడికి చెట్టుకొమ్మ మీద అందించాడు, సామంతరాజుకు వేటలో అందించాడు, అత్తగారి ఇంట్లో ధాన్యపు గాదెలో దాక్కున్న సేనాపతికి గాదె మూతలోంచి అందించాడు. అందించకుండా వెనక్కి తెచ్చిన తాఖీదు ఒక్కటి కూడా లేదని నగరంలో చెప్పుకునేవారు. ధూమ్రకేశుడి వ్యవహారం వచ్చేదాకా.

ఫిర్యాదు చేసినది నాగవంక రేవులో పడవ నడిపే చెన్నవ్వ. ఒకరోజు ధూమ్రకేశుడు ఏడు పెట్టెలు తెచ్చి ఏరు దాటించమన్నాడట. పెట్టెల్లోంచి మనుషుల మూలుగు వినిపించి చెన్నవ్వ భర్త కాటయ్య దాటించనన్నాడు. అన్నవాడు అన్నట్టే రాయైపోయాడు. మాంత్రికుడు ఆ రాతిని తన గుమ్మం పక్కన అలంకారంగా నిలబెట్టుకున్నాడు. ఏడాది నిండేలోగా శాపం వీడకపోతే రాయి రాయిగానే ఉండిపోతుంది. ఆ ఏడాది రేపు సూర్యాస్తమయంతో నిండుతుంది.

ఆ రాజ్యాన్ని స్థాపించిన రాజు మాంత్రికులందరిచేతా ఒక ప్రమాణం చేయించాడు. ధర్మాసనం ఎవరినైనా పిలిచి, విచారించి తీర్పు చెబితే ఎంతటి మంత్రమైనా ఆ తీర్పుకు లొంగుతుంది. పిలుపు అందాక ఆ మనిషి రాకపోయినా తీర్పు చెల్లుతుంది. పిలుపే అందకపోతే మాత్రం ఆ తీర్పుకు గడ్డిపోచ పాటి బలం ఉండదు. ధూమ్రకేశుడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే అతను ధర్మాసనంతో యుద్ధం చేయలేదు. కేవలం ఇంట్లో లేకుండా పోయాడు. బంటును చంపించి వదిలించుకుందామన్నా వీల్లేదు. బంటు ఒంటిమీద దెబ్బ పడితే పిలుపు అందినట్టే లెక్క.

మొదటిసారి శరభుడు వికటుడి మాట విని తిరిగి వచ్చాడు. రెండోసారి నల్లని పట్టు అంగీ తొడుక్కున్న గడ్డపు మనిషి ఎదురొచ్చి, ధూమ్రకేశుడు నేనేనని చెప్పి, నవ్వుతూ తాఖీదు అందుకున్నాడు. శరభుడు పొంగిపోయి నగరానికి వచ్చి ధర్మాసనం ముందు ప్రమాణం చేశాడు. తీరా చూస్తే అతను మాంత్రికుడి వంటవాడు. ధర్మాధికారి సోమభట్టు నలుగురి ముందూ శరభుణ్ణి నిలబెట్టి, ఏ పేరుతో పిలిచి ఇచ్చావని అడిగాడు. ధూమ్రకేశుడని పిలిచానన్నాడు శరభుడు. అది వాడు తగిలించుకున్న పేరు, ఆ పేరుకు ఎవడైనా పలుకుతాడు, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచి ఇవ్వాలని నీకు నేను చెప్పాలా అని సోమభట్టు మందలించాడు. ఆ పేరు కోసం శరభుడు పంతొమ్మిది రోజులు ఊళ్లు పట్టుకు తిరిగాడు. చివరికి ముళ్లచింత అనే పల్లెలో చూపు పోయిన ముసలి మంత్రసాని దగ్గర దొరికింది.

మూడోసారి సోమభట్టు ఇంకో దారి చూపాడు. మనిషి ఎంతకీ చిక్కకపోతే తాఖీదు తలుపుకు అతికించి, డప్పు వేయించి, మూడు రోజులు ఉంచితే అందినట్టే. శరభుడు గంజితో శుభ్రంగా అతికించాడు. డప్పు మోగుతుండగానే తలుపు రెండు రెక్కలూ నోరులా తెరుచుకున్నాయి. ఎర్రటి నాలుక ఒకటి బయటికి వచ్చి, గంజితో సహా తాఖీదును నాకేసి, మళ్లీ లోపలికి పోయింది. డప్పు వేసేవాడు డప్పు అక్కడే పారేసి పరిగెత్తాడు.

అందుకని ఈసారి సోమభట్టు తాఖీదును రాగిరేకు మీద చెక్కించాడు. ఒకటి ఇవ్వడానికి, దాని జంట తిరిగి తేవడానికి. జంటరేకు వెనక మైనం పూసి ఉంది. పిలుపు అందడం కళ్లారా చూసిన మనిషి ఎవరైనా ఆ మైనం మీద వేలిముద్ర వేయాలి. ఫిర్యాదు చేసిన వాళ్ల ముద్ర చెల్లదు. ముద్ర వేసిన మనిషిని వెంటబెట్టుకుని వచ్చి బంటు స్వయంగా ప్రమాణం చేయాలి. ఇవన్నీ చెప్పి సోమభట్టు మరో మాట కూడా అన్నాడు. వేషం వేసుకో, తప్పులేదు, కాని నువ్వెవరో, తెచ్చినదేమిటో అడిగితే అబద్ధం చెప్పావంటే మాత్రం ఇచ్చినది ఇవ్వనట్టే.

కొండ దిగువన చెన్నవ్వ పడవలో కూర్చుని ఎదురుచూస్తోంది. శరభుడి ముఖం చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. అతను వచ్చి ఒడ్డున బండమీద కూలబడి రాగిరేకును ఒళ్లో పెట్టుకున్నాడు.

"మళ్లా లేడన్నారా?" అంది.

అతను తల ఊపాడు.

"నాలుగుసార్లు ఎక్కావు, నాలుగుసార్లు దిగావు నాయనా. నీ కాళ్లు నొప్పులు పుట్టుంటాయి, కాదన్ను. నా మొగుడు ఏడాదిబట్టి కూచోలేదు."

శరభుడు చివాలున లేచి ఎదురుగా ఉన్న రాయిని కాలితో తన్నాడు. అది కదలకపోగా బొటనవేలు చిట్లింది. ఆ నొప్పితో కుంటుతూ ఉండగానే ఏటి ఒడ్డు దారమ్మట బోయీల కేక వినిపించింది.

పగడాల కుచ్చులు వేలాడే పల్లకీ ఒకటి వస్తోంది. వజ్రకూట రాజు తన దూతను కానుకలతో ధూమ్రకేశుడి దగ్గరికి పంపిస్తున్నాడు. నలుగురు మోసేవాళ్లలో ఒకడికి చీలమండ బెణికింది. వాడు ఒంటికాలి మీద గెంతుతుంటే పల్లకీ ఓ పక్కకు ఒరుగుతోంది, లోపలి దూత తిడుతున్నాడు. పెద్దబోయీ శరభుణ్ణి చూసి, భుజం పడతావా తమ్ముడూ, కొండమీది దాకానే అని అడిగాడు. నీ పనేమిటని కూడా అడిగాడు.

"మోసుకెళ్లి అందించడమే నా పని," అన్నాడు శరభుడు.

తలపాగా విప్పి నడుముకు చుట్టుకుని, ముఖాన ఏటి మట్టి పులుముకుని, పల్లకీ కొమ్ము కింద భుజం పెట్టాడు. ఐదోసారి కొండ ఎక్కుతుంటే అతని బొటనవేలు ప్రతి రాతికీ తగిలింది.

గుమ్మం దగ్గర వికటుడు బోయీలను ఒక్కొక్కరినే తడిమి చూశాడు. శరభుడి నడుము దగ్గర అతని చెయ్యి ఆగింది.

"ఇదేంటి, గట్టిగా ఉంది?"

"రాగిరేకులు. ఒకటి మీ అయ్యగారి చేతికే ఇవ్వాలి."

వికటుడు రేకు అంచు లాగి చూశాడు. మీద గీతలు, అక్షరాలు, నడుమ గుండ్రటి ముద్ర కనిపించాయి. అయ్యగారికి రాగిరేకుల మీద చెక్కిన యంత్రాలు రోజుకు ఒకటైనా వస్తుంటాయి. వికటుడికి చదువు రాదు. అలాగైతే పొమ్మని దారి ఇచ్చాడు. శరభుడు గడప దాటుతుండగా వికటుడి చూపు అతని ముఖం మీద ఓ క్షణం నిలిచింది. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. గుర్తుపట్టావా అని అతణ్ణి ఎవరూ అడగలేదు కూడా.

లోపల సభామంటపం చూస్తే కళ్లు చెదురుతాయి. నేల అంతా స్ఫటికం, దాని కింద నిజమైన చేపలు ఈదుతున్నాయి. స్తంభాలకు బతికున్న మల్లెతీగలు చుట్టుకుని ఉన్నాయి. వాటి పువ్వులు విచ్చుకున్నప్పుడల్లా లోపలినుంచి వీణ మీటిన ధ్వని వస్తోంది. కప్పునుంచి వేలాడే దీపపు గుత్తుల్లో మంటలకు బదులు చిన్న చిన్న ఎర్రపక్షులు కూర్చుని వెలుగుతున్నాయి. ఇంత సొగసు మధ్య, మంటపం చివర అర్ధచంద్రాకారంగా వేసిన దంతపు పీఠాల మీద ధూమ్రకేశుడు కూర్చుని ఉన్నాడు.

ఒక్కడు కాదు, ఇరవై ఒక్కమంది. ఒకే నల్లని అంగీ, ఒకే పొగరంగు జుట్టు, ఒకే ఉంగరాలు. ఇరవై ఒక్కరూ ఒకేసారి చిటికెనవేలితో మీసం దువ్వుకున్నారు.

శరభుడికి ఏడుపు వచ్చినంత పనైంది. పల్లకీ దించి, దూత బయటికి దిగి వంగి వంగి దండాలు పెడుతూ ఎవరికి పెట్టాలో తెలియక తికమకపడుతుండగా, అతను ఒక్కొక్కరి ముఖమే వెతికాడు. తేడా ఏమీ లేదు. ఒక్కొక్కడికీ ఇస్తూ పోదామంటే ఉన్నది ఒక్క రేకు. తప్పుడు మనిషి చేతిలో పెడితే అంతటితో సరి.

అతను రాగిరేకును రెండు చేతులా పట్టుకుని ముందుకు నడిచాడు. మంటపం మధ్యలో నిలబడి, ధర్మాసనంలో పిలిచినట్టే, గొంతు ఎత్తకుండా స్పష్టంగా పిలిచాడు.

"ముళ్లచింత గ్రామం, సూరయ్యగారి కొడుకు చిట్టెన్న."

ఇరవైమంది నిశ్చలంగా కూర్చునే ఉన్నారు. ఎడమనుంచి ఆరోవాడు తల తిప్పాడు. ముప్పై ఏళ్లుగా ఎవరూ పిలవని పేరు అది. ఇంట్లోంచి అమ్మ కేకేస్తే వీధిలో పిల్లవాడు తిరిగి చూసినట్టు చూశాడు. మరుక్షణమే అతని ముఖం మాడిపోయింది. కాని శరభుడు అప్పటికే దూకాడు.

మాంత్రికుడు చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. పాదాల దగ్గర పెట్టినా చెల్లుతుందని శరభుడు వంగేసరికి అక్కడ పాదాలు లేవు. నల్లతాచు ఒకటి పీఠం మీదినుంచి జారి స్ఫటికపు నేలమీద మెలికలు తిరుగుతూ పారిపోతోంది. చేతులూ లేని, కాళ్లూ లేని ఆ జీవికి ఏం ఇవ్వాలి, ఎక్కడ పెట్టాలి? శరభుడు కసిగా దాని వెంటపడ్డాడు. మిగిలిన ఇరవైమంది పొగై లేచారు. ఆ పొగలో కళ్లు మండుతున్నాయి, నేల జారుతోంది. దూత పల్లకీలోకి దూరి తెర లాగేసుకున్నాడు. బోయీలు గుమ్మం వైపు పరుగు తీశారు. పాము స్తంభం ఎక్కింది. శరభుడు మల్లెతీగ పట్టుకుని తనూ ఎక్కాడు. తీగ తెగి కిందపడి మళ్లీ ఎక్కాడు.

స్తంభం కొసకు చేరాక పాముకు ముందు దారి లేకపోయింది. ఎదురుగా తెరిచి ఉన్న గవాక్షం తప్ప మరేమీ లేదు. అది ఒళ్లు విదిల్చి డేగైపోయింది. రెక్కలు చాచి గవాక్షం వైపు దూసుకుపోయింది.

డేగకు కాళ్లుంటాయి.

శరభుడు స్తంభం మీదినుంచి గాలిలోకి ఎగిరాడు. రాగిరేకును డేగ గోళ్ల కిందికి నెట్టి, పడిపోతూనే మరోసారి ఆ పేరు పలికాడు. గోళ్లకు ఏది తగిలినా బిగించడం డేగకు అలవాటు. అవి రేకు చుట్టూ బిగుసుకున్నాయి. శరభుడు వెల్లకిలా వచ్చి స్ఫటికం మీద పడ్డాడు. కింద చేపలు చెదిరిపోయాయి.

నడుము విరిగినంత నొప్పిలోనే అతను జంటరేకు తీసి పల్లకీ దగ్గరికి పాకాడు. దూతగారూ, తమరు చూశారు కదా, ఒక్క వేలిముద్ర వేయండని వేడుకున్నాడు. తెర వెనకనుంచి, నేనేమీ చూడలేదు, నేనసలు ఇక్కడికి రాలేదని జవాబు వచ్చింది. బోయీలు ఎప్పుడో కొండ దిగిపోయారు. శరభుడు రేకును నేలకేసి కొట్టబోయి ఆపుకున్నాడు. ఏడాది పొడుగునా తరిమి తరిమి, తీరా చేతిలో పెట్టాక, పెట్టానని చెప్పే నోరు లేదు.

"నేను చూశాను," అన్నాడు గుమ్మంలోంచి వికటుడు.

శరభుడు నమ్మలేనట్టు తల తిప్పాడు.

"ముద్ర వేస్తావా? నీ అయ్యగారు ఊరుకోడు."

"ఊరుకోరు. కాని చూశావా అని ధర్మాసనం అడిగితే చూశాననే చెప్పాలిగా బంటుగారూ. ఇంకోటి చెప్పడం నాకు చేతకాదు."

వచ్చి, చేటంత చెయ్యి చాచి, బొటనవేలు మైనంలో అద్దాడు. ముద్ర రేకంతా నిండిపోయింది.

గవాక్షపు అంచున వాలిన డేగ మళ్లీ మనిషైంది. ధూమ్రకేశుడు చేతిలో రాగిరేకును తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఏదో భారం దిగినవాడిలా నిట్టూర్చాడు.

"అందింది," అన్నాడు. "అందేదాకా నిన్ను ముట్టుకుంటే నాకే నష్టమని ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. ఇక ఆ బెంగ లేదు."

అతను చప్పట్లు కొట్టాడు. కప్పు మీద ఈల ఆగిపోయింది. రాతి యాళులు ఒక్కొక్కటే మెడలు విరుచుకుని, గోడలకు గోళ్లు గుచ్చుతూ కిందికి దిగసాగాయి. కాళ్ల కింద నేల అదిరింది. మేడ మొత్తం కొండనుంచి వేళ్లతో సహా పీకినట్టు పైకి లేస్తోంది.

వికటుడు శరభుణ్ణి చంకన వేసుకుని గుమ్మం వైపు పరిగెత్తాడు. తలుపు రెక్కలు మూసుకుంటున్నాయి, నాలుక వాళ్ల కోసం తడుముతోంది. వికటుడు ఒక రెక్కకు వీపు, మరో రెక్కకు కాళ్లు ఆనించి బిగపట్టాడు. శరభుడు ఆ సందులోంచి బయటికి జారి, గడప అంచున నిలబడ్డాడు. కింద కొండ అప్పుడే తాటిచెట్టు లోతుకు దిగిపోయింది. మేడ జరుగుతూ ఏటి మీదికి వచ్చింది, అడుగున నాగవంక వెండి తీగలా మెరుస్తోంది.

పక్కనే కాటయ్య, చాచిన రాతి చెయ్యితో.

శరభుడు ఆ చెయ్యి పట్టుకుని లాగాడు. రెండు కాళ్లూ గోడకు తన్ని లాగాడు. అంగుళం కదల్లేదు. మోకాలిదాకా గుమ్మపు రాతిలో పాతేశారు. యాళి ఒకటి గోడమూల తిరిగి కనబడింది. అయినా అతను ఆ చెయ్యి వదలలేదు.

"ఆయన్ని విడిపించేది మీ చెయ్యి కాదు, తీర్పు," అంటూ వికటుడు తలుపు సందులోంచి తనూ బయటపడి, అతని నడుము పట్టి, గడప మీదినుంచి ఏటిలోకి దూకేశాడు.

నీళ్లు బండలా తగిలాయి. శరభుడికి కాసేపు పైనేదో కిందేదో తెలియలేదు. తెలిసేసరికి పడవ అంచు అతని చంకల కింద ఉంది. చెన్నవ్వ జుట్టు పట్టి లోపలికి లాగుతోంది. వికటుడు అవతలి పక్కనుంచి ఎక్కబోతే పడవ మునగబోయింది. ఆమె తెడ్డుతో అతని భుజం మీద ఒక్కటిచ్చి, వెనక పట్టుకుని వేలాడమంది.

"ఇచ్చావా?" అని అడిగింది శరభుణ్ణి.

అతను దగ్గుతూ నడుము తడుముకున్నాడు. జంటరేకు ఉంది. మైనం మీద ముద్ర ఉంది.

"ఇచ్చాను. ముద్ర ఇతనిదే. మేమిద్దరం రేపు పొద్దుగూకేలోగా సోమభట్టుగారి ముందు నిలబడాలి."

చెన్నవ్వ తల ఎత్తి చూసింది. మేడ మబ్బుల దాకా వెళ్లి ఆగింది. గుమ్మం పక్కన తెడ్డు పట్టుకుని నిలబడ్డ మనిషి గోరంత కనిపిస్తున్నాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, పడవ ముఖాన్ని ఎదురు ప్రవాహానికి, కాంచనశిల వైపు తిప్పింది.

"ఇంకో తెడ్డు నీ కాళ్ల కిందే ఉంది. తియ్యి," అంది.

శరభుడు తెడ్డు అందుకున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏరంతా తళతళలాడుతోంది. నాలుగు బారలు వేశారో లేదో, ఆ తళతళ ఒక్కసారిగా ఆరిపోయింది. ఆకాశంలో మేడ మెల్లగా ఇటు తిరిగింది. దాని నీడ ఏటి మీదుగా పాకుతూ వచ్చి, ముందు వికటుడి తలను, తరువాత పడవను కప్పేసింది. చెన్నవ్వ పైకి చూడలేదు. బార వెనక బార, ఇంకా వేగంగా వేస్తూ పోయింది.